మన వీధిలో ఒకప్పుడు ఎవరుండేవారు? కర్నూలు పాత ఇళ్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు పాతబస్తీలో మా వీధిలో ఇరవై ఆరు ఇళ్లున్నాయి. ఏ ఇంట్లో ఎవరెవరు కాపురం ఉండి పోయారో ఆరేళ్లుగా రాసుకుంటున్నాను. ఈ సంగతి తెలిసి ఫోన్ చేసేవాళ్లు ఎక్కువయ్యారు. చాలామంది అడిగేవి అవే ప్రశ్నలు. అందుకని నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఎక్కడ మొదలుపెట్టాలి?

వీధిలో అందరికంటే పెద్దావిడ దగ్గర. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పుస్తకం వచ్చే ఏడాది కూడా ఉంటుంది. ఎనభై ఏళ్లు దాటిన అవ్వ గురించి ఆ మాట అనలేం.

పెద్దాయనలను కూడా అడగండి, కానీ ముందు ఆడవాళ్లను అడగండి. మగవాళ్లు పొద్దున పనికి పోతే రాత్రికి వచ్చేవాళ్లు. ఏ ఇంట్లోకి కొత్తగా ఎవరు దిగారు, ఎవరు ఏ నెలలో ఖాళీ చేశారు అన్నది అరుగు మీద కూర్చున్నవాళ్లకు, వీధి కొళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డవాళ్లకు తెలుస్తుంది.

"ఏ సంవత్సరం?" అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న వేస్తే మనిషి టెన్షన్ పడి "నాకేం గుర్తులేదప్పా" అని ముగించేస్తారు. వాళ్ల జీవితంలోని సంగతి పట్టుకుని అడగండి. మా వీధి చివరి అవ్వను నేను అలాగే అడిగాను.

"అవ్వా, నువ్వు కాపురానికొచ్చినప్పుడు ఎదురింట్లో ఎవరుండేవారు?"

"టెంట్ల సారోళ్లు ఉండిరి నాయనా. ఆయన భార్య నాకు కుట్టు నేర్పించె."

"టెంట్ల సారంటే?"

"రాజధాని మన ఊర్లో ఉన్నప్పుడు గుడారాల్లో ఆఫీసులుండె కదా. ఆ ఆఫీసులో సారు."

ఒక్క మాటతో ఆ ఇంటి కాలం తేలిపోయింది. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్నది 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 వరకే. అవ్వ సంవత్సరం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు.

మా ఇంటి పాత దస్తావేజులో మావాళ్ల పేర్లే ఉన్నాయి. పక్కిళ్ల గురించి ఏం తెలుస్తుంది?

చెక్కుబందీ చూడండి. దస్తావేజు చివర షెడ్యూలులో నాలుగు హద్దులు రాసి ఉంటాయి: తూర్పున బజారు, పడమర ఫలానావారి పెరటి గోడ, ఉత్తరాన ఫలానావారి మిద్దె, దక్షిణాన ఫలానావారి ఖాళీ స్థలం. అంటే ఒక్క దస్తావేజులో మీ ఇల్లు కాక ఇంకో మూడు ఇళ్ల యజమానుల పేర్లు, అవీ ఆ తేదీ నాటివి, దొరికినట్టే. ఇంత విలువైన నాలుగు వాక్యాలను చాలామంది చదవకుండా మడిచేస్తారు.

మా వీధిలో సగం ఇళ్ల సంగతి నాకు ఇలాగే తెలిసింది. ఒకరి దస్తావేజులో ఉత్తరపు హద్దుగా కనిపించిన పేరు, ఆ ఉత్తరపు ఇంటి దస్తావేజులో అమ్మినవారి పేరుగా కనిపిస్తుంది. వీధి పటం పెద్ద కాగితం మీద గీసుకుని, దస్తావేజు తేదీతో సహా పెన్సిలుతో పేర్లు నింపుకుంటూ పోండి. పెన్ను వద్దు, చాలాసార్లు చెరపాల్సి వస్తుంది.

ఒక జాగ్రత్త ఉంది. కొత్త దస్తావేజు రాసేటప్పుడు హద్దులను పాతదాంట్లోంచి ఉన్నవున్నట్టు దించేసే అలవాటు చాలాచోట్ల ఉంది. పక్కింటాయన ఇల్లు అమ్మి పోయి ఇరవై ఏళ్లయినా హద్దులో ఆయన పేరే ఉండొచ్చు. అందుకే ఒక పేరును రెండు చోట్ల చూశాకే ఖాయం చేసుకోండి.

కొలతలు కూడా చదవండి. "మూడంకణాల మిద్దె" అని ఉంటే దూలానికీ దూలానికీ మధ్య జాగాను బట్టి ఇల్లు లెక్కపెట్టిన కాలం అది. స్టాంపు కాగితం వెనక్కి తిప్పితే దాన్ని ఎవరు కొన్నారు, ఏ తేదీన కొన్నారు అన్నది స్టాంపులు అమ్మినాయన చేతిరాతలో ఉంటుంది.

దస్తావేజులు లేనివాళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఏం అడగాలి?

ముందు ఈసీ తీసుకోండి. అంటే ఒక ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా. 1983 నుంచి జరిగిన లావాదేవీలకు కంప్యూటర్‌లో ఈసీ వస్తుంది. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి.

స్థిరాస్తి లావాదేవీలు నమోదయ్యేది ఒకటో నంబరు పుస్తకంలో. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఆ పుస్తకాన్ని, దాని సూచికలను ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. సూచికలు రెండు రకాలు: ఒకటి మనుషుల పేర్లతో, ఇంకొకటి ఆస్తుల వివరాలతో. పేరు తెలియకపోతే రెండోది అడగండి. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి. రాసిన మనిషి బతికుండగా వాటి నకలు ఇతరులకు ఇవ్వరు.

1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చేదాకా దస్తావేజులను పుస్తకంలోకి చేత్తోనే దించేవారు. మొదట్లో ఆ గొలుసుకట్టు రాత చదవడం చాలా కష్టం. వారం రోజులు కూర్చుంటే ఒక్కొక్క గుమాస్తా చెయ్యి అలవాటవుతుంది. అప్పటికీ పలకని మాటలుంటే పాత డాక్యుమెంట్ రైటర్‌ను బతిమాలండి. నాకు "ఖుద్దుగా", "దఖలు", "జమాఖర్చు" లాంటి మాటల అర్థాలు చెప్పింది అలాంటి పెద్దాయనే. డబ్బులిస్తే తీసుకోలేదు, టీ మాత్రం తాగారు.

ఇంకో సంగతి. కుటుంబంలో నోటిమాటగా పంచుకున్న ఇళ్లు ఈసీలో కనబడవు. "ఈసీలో ఏమీ లేదు కాబట్టి ఇల్లు చేతులు మారలేదు" అనుకోవద్దు. అన్నదమ్ములు మధ్యలో గోడ పెట్టుకుని ఉంటే, ఆ గోడే సాక్ష్యం.

డోర్ నంబర్లు మారిపోయాయి. పాత నంబరు ఇప్పుడు ఏ ఇల్లో ఎలా తెలుసుకోవాలి?

ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది ఇదే. వార్డులు మార్చినప్పుడల్లా నంబర్లూ మారాయి. మా ఇంటికే మూడు నంబర్లున్నాయి.

మునిసిపాలిటీ ఇంటి పన్ను రిజిస్టర్లలో కొన్నిసార్లు పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కనే ఉంటాయి. వాటి కోసం సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఫలానా వీధికి, ఫలానా సంవత్సరాల మధ్య పన్ను డిమాండు రిజిస్టరు చూసుకోవడానికి అవకాశం ఇవ్వండి" అని సూటిగా రాయండి. "మా వీధి చరిత్ర ఇవ్వండి" అని రాస్తే పని జరగదు. నా మొదటి దరఖాస్తు అలాగే తిరిగొచ్చింది.

ఇంట్లోనే దొరికే ఆధారాలు కూడా ఉన్నాయి. కరెంటు మీటరు సర్వీసు చాలా ఇళ్లకు మొదటి యజమాని పేరు మీదే నడుస్తుంటుంది. ఆయన పోయి నలభై ఏళ్లయినా నెలనెలా బిల్లు ఆయన పేరుతోనే వస్తుంది. గుమ్మం పైన సున్నం పొరల కింద పాత నంబరు రేకు ఉందేమో చూడండి. మాకు అలాంటివి నాలుగు దొరికాయి. పాత శుభలేఖలు, పోస్టుకార్డులు కూడా వెతకండి. వాటి మీద చిరునామాతో పాటు తేదీ ముద్ర ఉంటుంది.

పన్ను కాగితాల్లో, దస్తావేజుల్లో అందరూ ఓనర్లే. అద్దెకున్నవాళ్లను ఎలా కనుక్కోవాలి?

నన్ను ఎవరూ అడగకపోయినా ఈ ప్రశ్నకు జవాబు రాసేవాణ్ని. వీధిలో ఎక్కువమంది బతికింది అద్దెకే. పాఠాలు చెప్పిన టీచర్లు, మిషన్ కుట్టిన ఆమె, కెనాల్ ఆఫీసు గుమాస్తా, రాత్రి డ్యూటీ కండక్టరు, వీళ్లెవరూ ఏ ఆస్తి కాగితంలోనూ లేరు. అద్దె ఒప్పందాలు మామూలుగా రిజిస్టరు చేయించకుండా పదకొండు నెలలకే రాసుకుంటారు, చాలామంది అదీ రాసుకోరు. దస్తావేజుల మీదే ఆధారపడి వీధి చరిత్ర రాస్తే సగం మంది అసలు పుట్టనట్టే అవుతుంది.

కర్నూలులో ఇది మరీ పెద్ద విషయం. రాజధాని వచ్చినప్పుడు ఇంతమంది ఉద్యోగులకు సరిపడా ఇళ్లు ఊళ్లో లేవు. ఆఫీసులే గుడారాల్లో నడిచాయి. ఉన్న మిద్దెల్లోనే ముందు గది, వెనక గది అంటూ విడగొట్టి అద్దెకిచ్చారు. మూడేళ్లకు హైదరాబాదు రాజధానై వాళ్లంతా వెళ్లిపోయారు. ఆ తర్వాత ఇంకో కెరటం వచ్చింది. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండి కృష్ణా, తుంగభద్రల ఒడ్డు ఊళ్లు మునిగినప్పుడు ఎన్నో కుటుంబాలు కట్టుబట్టలతో ఊళ్లు దాటాయి. అలా వచ్చినవాళ్లు మా వీధిలో మూడిళ్లలో ఉన్నారు. వాళ్ల సొంతూరు ఇప్పుడు ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడే కనబడుతుంది.

వీళ్ల జాడ దొరికే చోట్లు ఇవి: ఇంటి ఓనర్ల అద్దె పద్దు పుస్తకాలు, వీధి చివరి కిరాణా కొట్టు అప్పు ఖాతా, బడిలో అడ్మిషన్ రిజిస్టరు, వీధిలో పాత ఫోటోలు. మునిసిపాలిటీ జనన మరణ రిజిస్టర్లలో కూడా చిరునామా ఉంటుంది, ఓనరైనా అద్దెదారైనా.

గిన్నెలనూ మర్చిపోవద్దు. మన ఇళ్లల్లో ఇత్తడి, స్టీలు సామాను మీద పేర్లు చెక్కించే అలవాటుంది కదా. టెంట్ల సారు ఎవరో మూడేళ్లపాటు నాకు తెలియలేదు. ఒకరోజు అవ్వ నీళ్లిచ్చిన ఇత్తడి చెంబు అంచు మీద చుక్కలు చుక్కలుగా ఏవో అక్షరాలు కనిపించాయి. చింతపండు పెట్టి తోమి చూస్తే ఒక ఇంటిపేరు, పొడి అక్షరాలు, గోదావరి జిల్లాలో ఒక ఊరి పేరు. "ఇది మీది కాదే అవ్వా" అంటే, "ఆమె పోతాపోతా నాకిచ్చిపోయిందిలే" అంది. ఏ రికార్డు గదిలోనూ దొరకని పేరు అది.

గుమ్మం మీద "విజయ నామ సంవత్సరం" అని చెక్కి ఉంది. అంటే ఎప్పుడు?

1953–54. కాకపోతే 1893–94. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కాబట్టి పేరు ఒక్కటే చూసి తేల్చలేం. ఇంటిని చూడాలి. చవుడు మట్టి మిద్దె, దూలాల మీద దంతెలు, వెలుతురుకు గవాక్షి, గోడలో దీపపు గూళ్లు ఉంటే పాతదయ్యే అవకాశం ఎక్కువ. సిమెంటు స్లాబు, ఇనుప చువ్వల కిటికీలు మొదటినుంచీ ఉన్నట్టు కనిపిస్తే 1953–54దే కావచ్చు. కానీ మిద్దె తీసి స్లాబు వేసినవాళ్లు పాత ద్వారబంధాన్ని అలాగే నిలబెట్టుకోవడం మామూలే. అది లక్ష్మి కదా, ఎవరూ పారెయ్యరు. కాబట్టి ద్వారబంధం వయసు, ఇంటి వయసు ఒకటే అనుకోవద్దు.

ముస్లింల ఇళ్ల మీద హిజ్రీ సంవత్సరం ఉండొచ్చు. హిజ్రీ 1373 అంటే ఇంచుమించు ఆ 1953–54. హిజ్రీ ఏడాది దాదాపు పదకొండు రోజులు చిన్నది, కాబట్టి అన్ని కాలాలకూ ఒకే అంకె కలిపితే లెక్క తప్పుతుంది. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ, అంటే జూలైతో మొదలయ్యే రెవెన్యూ లెక్కల సంవత్సరం, కనబడితే 590 కలపండి. ఫసలీ 1363 అంటే 1953 జూలై నుంచి 1954 జూన్ వరకు.

జనాభా లెక్కల్లో మా ఇంటి పేర్లు చూడొచ్చా?

చూడలేం. 1948 జనాభా లెక్కల చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు రహస్యం. కొన్ని దేశాల్లో కొన్నేళ్లు గడిచాక బయటపెడతారు, మన దగ్గర ఆ పద్ధతి లేదు. అచ్చయ్యేవి మొత్తాల లెక్కలే.

ఓటర్ల జాబితా పనికొస్తుందా?

చాలా. ఇంటి నంబరు వారీగా పేర్లు, తండ్రి లేదా భర్త పేరు, వయసు ఉంటాయి. అద్దెకున్నవాళ్లు కూడా ఉంటారు, అదే దాని గొప్పతనం. 1989కి ముందు ఓటు హక్కు 21 ఏళ్లకు కాబట్టి అంతకు చిన్నవాళ్లు కనబడరు. పోయినవాళ్ల పేర్లు, ఊరు వదిలినవాళ్ల పేర్లు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. పాత పార్టీ కార్యకర్తల ఇళ్లల్లో అటకల మీద పాత జాబితాలు దొరుకుతుంటాయి. మొహమాటపడకుండా అడగండి.

2009 వరదలో మా కాగితాలన్నీ పోయాయి. ఇంకేం చేయగలం?

మా ఇంట్లోనూ పోయాయి. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరిని ముంచినప్పుడు మా నాయన ట్రంకు పెట్టె మూడు రోజులు నీళ్లలో ఉంది. తెరిచేసరికి తాత రాసుకున్న పద్దు పుస్తకాలు ఇటుకల్లా అతుక్కుపోయి ఉన్నాయి. ఎండలో పెట్టి ఒక్కొక్క పేజీ లాగబోయి నేనే చింపేశాను. ఆ తప్పు మీరు చేయొద్దు. తడిసిన పుస్తకాన్ని నీడలో, గాలి తగిలేలా నిలబెట్టి ఆరనివ్వాలి. అతుక్కున్న పేజీలను బలవంతంగా విడదీయకూడదు.

రిజిస్టరైన దస్తావేజు పోతే దాని నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగొచ్చు. నంబరు తెలియకపోతే బ్యాంకులో లోను పెట్టినప్పటి జిరాక్సు ఉందేమో, పక్కింటివాళ్ల దస్తావేజు హద్దుల్లో మీవాళ్ల పేరు ఏ తేదీన ఉందో చూడండి. పోయిన ఫోటోలకు కూడా దారుంది. పెళ్లి ఫోటోలు చుట్టాలకు పంచి ఉంటారు కదా. మా అవ్వ ఫోటో మాకు ఆదోనిలో చిన్నమ్మ ఇంట్లో దొరికింది.

మా ఇల్లున్న స్థలం వక్ఫ్ అంటున్నారు, గుడి మాన్యం అంటున్నారు. అప్పుడు?

అలాంటి ఇళ్లకు స్థలం ఒకరిది, కట్టడం ఒకరిది. మసీదు, దర్గా లేదా గుడి కమిటీ దగ్గర నేల అద్దె రసీదు పుస్తకాలుంటాయి. అందులో తరతరాల పేర్లు వరసగా దొరుకుతాయి. వక్ఫ్ ఆస్తుల సర్వే గెజిట్లలో అచ్చయింది, అదీ చూడొచ్చు. హక్కుల గొడవ నడుస్తున్న చోట మాత్రం ఆగండి. చరిత్ర కోసం మీరడిగిన నకలు రేపు కోర్టులో ఎవరి చేతిలో ఉంటుందో చెప్పలేం.

బ్రిటిష్ కాలానికి ముందు సంగతులు ఎక్కడ? అనంతపురం, కడపవాళ్లకు కూడా ఇదే దారా?

దత్త మండలాలు, అంటే కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలు, 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబుల కింద ఉంది. 1858లో జిల్లా అయింది. అందుకే మా ఊరి పాత కాగితాల్లో పర్షియన్, ఉర్దూ ఎక్కువ. 1953 దాకా మూడు జిల్లాలూ మద్రాసు కిందే కాబట్టి పాత ప్రభుత్వ ఫైళ్లు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో వెతకాలి. అనంతపురంవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి: 1882లో బళ్లారి నుంచి విడదీసి జిల్లా చేశారు, అంతకు ముందువి బళ్లారి పేరు మీద ఉంటాయి. ఇంత వెనక్కి పోతే ఊరి సంగతులు దొరుకుతాయి, ఫలానా ఇంటి సంగతి దొరకడం అరుదు.

వీధిలోవాళ్లు అనుమానంగా చూస్తున్నారు. ఎలా నమ్మించాలి?

వాళ్ల అనుమానంలో తప్పు లేదు. చేతిలో నోట్‌బుక్కు పట్టుకుని "ఈ ఇల్లు ముందు ఎవరిది?" అని అడిగేవాడు బ్రోకరైనా అయి ఉండాలి, కోర్టు మనిషైనా అయి ఉండాలి. కాబట్టి తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. అమ్మ వెంట వస్తే ఇంకా మంచిది. ఆస్తి గురించి మొదటి రోజే ఎత్తొద్దు. మీరు రాసుకున్నది వాళ్లకు చదివి వినిపించండి, వద్దన్నది కొట్టేయండి. మా పక్కవీధి ఖాలా రెండేళ్లు నాతో మాట్లాడలేదు. వాళ్ల అబ్బాజాన్ సైకిల్ మీద ఉన్న ఫోటో వేరే ఇంట్లో దొరికితే ప్రింటు తీయించి ఇచ్చాను. ఆ సాయంత్రం దస్తావేజుల సంచి ఆమే తెచ్చి ముందు పెట్టింది.

పాత దస్తావేజుల్లో కులం రాసి ఉంది. కొన్ని ఇళ్లల్లో చెప్పుకోలేని సంగతులున్నాయి. అన్నీ రాయాలా?

నేను రెండు నోట్‌బుక్కులు పెట్టుకున్నాను. ఒకటి ఎవరడిగినా చూపించేది. రెండోది నాది. బతికున్నవాళ్ల గురించి వాళ్లు ఒప్పుకున్నదే మొదటిదాంట్లో ఉంటుంది. ఆత్మహత్యలు, లేచిపోవడాలు, దావాలు రెండోదాంట్లోనే ఉంటాయి. ఆ కుటుంబంవాళ్లు వచ్చి అడిగితే వాళ్లకే చెబుతాను. కులం విషయంలో, ఒక ఇంటిని ఫలానావాళ్లకు అద్దెకివ్వలేదు అన్న సంగతి వీధి చరిత్రలో భాగమే, దాన్ని దాచకూడదు. కానీ ఇంటింటి ముందూ కులం రాసి జాబితా చేయడం నాకిష్టం లేదు, చేయలేదు.

ఒకరి మాట ఒకరికి కలవకపోతే?

రెండూ రాయండి, ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కనే రాయండి. కాగితం దొరికినా మనిషి మాటను కొట్టేయొద్దు, పక్కన పెట్టండి. తర్వాత పనికొస్తుంది.

పాత కుటుంబంవాళ్లు దొరికితే ఏం చేయాలి?

రమ్మని పిలవండి. ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నవాళ్లను ముందే అడిగి ఒప్పించండి. పిలిచి గుమ్మం బయట నిలబెడితే బాగుండదు.

చెంబు మీద ఊరిపేరు పట్టుకుని ఏడాది వెతికితే టెంట్ల సారు మనవరాలు హైదరాబాదులో దొరికారు. ఒక ఆదివారం వచ్చారు. అవ్వ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి ఆ చెంబుతోనే నీళ్లిచ్చింది. నేను నోట్‌బుక్కు తెరిచి, "మీ తాతగారు 1956 నవంబరులో ఇల్లు ఖాళీ చేశారు" అని చదివాను. ఆమె తల అడ్డంగా ఊపారు. "తాత ఒక్కరే ముందు వెళ్లారండీ. మా అమ్మ పరీక్షలయ్యేదాకా అమ్మమ్మ ఇక్కడే ఉంది, వేసవికి వెళ్లారు." అవ్వ వెంటనే అందుకుంది: "నేను చెప్పలే? మామిడిపండ్ల కాలంలోనే పోయినారని!"

నిజమే, చెప్పింది. రాజధాని తేదీలు చూసుకుని నేనే దాన్ని రాయకుండా వదిలేశాను. ఆ పేజీలో 1956 నవంబరు పక్కన ఇప్పుడు 1957 వేసవి అని ఉంది, దాని కింద వాళ్లిద్దరి పేర్లు ఉన్నాయి.